చెన్నై చేపల హోటళ్లలో భోజనం: పేరు, కాలం, ధర తెలుసుకొని తినాలి

సరిహద్దు మండలాల ప్రజలకు చెన్నై దూరపు నగరం కాదు. నగరి, సత్యవేడు, తడ, సూళ్లూరుపేట ప్రాంతాల నుండి వైద్యానికి, పెళ్లి బట్టలకు, పిల్లల చదువులకు, ఉపాధికి నిత్యం ఎందరో అక్కడికి వెళ్లి వస్తుంటారు. సూళ్లూరుపేట నుండి సబర్బన్ రైళ్లున్నాయి. ఆంధ్ర వైపు బస్సులకు 2018 అక్టోబరు నుండి మాధవరంలో ప్రత్యేక బస్సు నిలయం ఏర్పడింది. ఉదయం బయలుదేరినవారు పని ముగించుకొనేసరికి మధ్యాహ్నమవుతుంది. సముద్రపు ఒడ్డున ఉన్న నగరానికి వచ్చి చేప తినకుండా వెళ్లడమెందుకని వెంట వచ్చిన పిల్లలో, పెద్దలో అంటారు. అప్పుడు దగ్గరలోని చిన్న చేపల హోటలులో కూర్చోవడం మన కుటుంబాలకు అలవాటే.

తిన్నంతసేపు రుచిగానే ఉంటుంది. బిల్లు వచ్చినప్పుడు మాత్రం పలువురు బిత్తరపోతారు. ఆసుపత్రి ఖర్చుకని లెక్క పెట్టి తెచ్చుకొన్న సొమ్ములో కొంత భోజనానికి పోయిందని బాధపడేవారున్నారు. విచారించి చూస్తే, చాలా సందర్భాలలో హోటలువారు మోసం చేసి ఉండరు. వచ్చిన చేప పేరు మనకు తెలియదు, అది దొరికే కాలమో కాదో తెలియదు, ముక్క ధర ముందుగా అడగలేదు. ఈ మూడు విషయాలపై అవగాహన ఉంటే తక్కువ ఖర్చుతో మంచి చేప తినవచ్చు. అందుకు అవసరమైన వివరాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

బోర్డు మీది మాటలు

తమిళంలో శాకాహారాన్ని ‘శైవం’ అనీ, మాంసాహారాన్ని ‘అసైవం’ అనీ అంటారు. హోటలు బోర్డుపై ‘ఉణవగం’ అని ఉంటే భోజనశాల అని అర్థం. ‘కడై’ అంటే అంగడి. ‘మెస్’ అన్న పేరుతో నడిచేవి సాధారణంగా మధ్యాహ్న భోజనానికి ప్రసిద్ధి పొందినవి. ‘మిలిటరీ హోటలు’ అనే పాత పేరు మాంసాహార హోటళ్లకు నేటికీ నిలిచి ఉంది. భోజనాన్ని ‘సాప్పాడు’ అంటారు. చేపకు ‘మీన్’ అనీ, పులుసుకు ‘కుళంబు’ అనీ, వేపుడుకు ‘వరువల్’ అనీ పేర్లు. కనుక ‘మీన్ కుళంబు’ అంటే చేపల పులుసు. ‘కరువాడు’ అంటే ఎండుచేప.

ఇటువంటి హోటళ్లు నగరంలో నలుమూలలా ఉన్నాయి. రాయపేటలో 1954లో ఆరంభమైన పొన్నుసామి హోటలు, 1964లో ఆరంభమైన అంజప్పర్ మాంసాహార వంటకాలకు పేరు పొంది తరువాత అనేక శాఖలుగా విస్తరించాయి. చేపాక్కం క్రికెట్ మైదానానికి సమీపాన 1961 నుండి నడుస్తున్న నాయర్ మెస్ అరటి ఆకులో భోజనానికి, వంజరం వేపుడుకు ప్రసిద్ధం. వీటితోపాటు పేరు ప్రతిష్ఠల పట్టింపు లేకుండా, పది బల్లలతో నడిచే హోటళ్లు ఆసుపత్రుల వద్ద, మార్కెట్ల వద్ద, మత్స్యకారుల కుప్పాల వద్ద అనేకం కనిపిస్తాయి. మన కుటుంబాలు ఎక్కువగా వెళ్లేది ఇటువంటి వాటికే.

చేపల పేర్లు: తెలుగులో, తమిళంలో

రెండు భాషలలోనూ ఒకే పేరు, లేక దగ్గరి పేరు గల చేపలు కొన్ని ఉన్నాయి. పూర్తిగా వేరు పేర్లు గలవి మరికొన్ని. తరచుగా హోటళ్లలో కనిపించేవాటిని చూద్దాం.

వంజరం: తమిళంలో వంజిరం. విశాఖ వైపు కోనెం అంటారు. ఒక్క నడిముల్లు తప్ప చిన్న ముళ్లు తక్కువ కాబట్టి పిల్లలకు అనుకూలం. ఖరీదైన చేపలలో ఇదొకటి.

చందువ: తమిళంలో వవ్వాల్. ఆ మాటకు గబ్బిలమని అర్థం. చేప ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు కాబట్టి జంకనక్కరలేదు. ‘వెళ్ళై వవ్వాల్’ తెల్ల చందువ, ‘కరుప్పు వవ్వాల్’ నల్ల చందువ. తెల్లదాని ధర ఎక్కువ.

పండుగప్ప: తమిళంలో కొడువా. ముళ్లు తక్కువ, కండ మెత్తన.

మాగ: తమిళంలో కాలా. పులుసుకు మేలైనది.

కొర్రమీను: తమిళంలో విరాల్. ఇది మంచినీటి చేప.

కానాగంత: తమిళంలో కానాంగెళుత్తి. కేరళ పద్ధతి హోటళ్లలో అయిల అంటారు. చౌకైనది, పోషకాలు గలది. కానాగుర్త అన్న తెలుగు పేరే ఈ చేపకు శాస్త్రీయ నామంలో చేరింది. విశాఖపట్నం తీరపు చేపలను వర్ణించి పాట్రిక్ రస్సెల్ 1803లో ప్రచురించిన గ్రంథంలో స్థానిక నామంగా నమోదైన ఆ మాటను శాస్త్రజ్ఞులు స్వీకరించారు.

కవళ్లు: తమిళంలో మత్తి, సాలై. చౌక. సన్న ముళ్లు ఎక్కువ.

నెత్తళ్లు: తమిళంలో నెత్తిలి. కరకరలాడేలా వేయిస్తే ముల్లుతో సహా తినవచ్చు.

సొర: తమిళంలో సురా. ఉడికించి, పొడిచేసి, ఉల్లి, వెల్లుల్లితో వేయించిన ‘సురా పుట్టు’ ఎక్కువ ప్రచారంలో ఉంది.

రొయ్య: తమిళంలో ఇరాల్. చెన్నై వాడుకలో ఎరా.

పీత, లేక ఎండ్రకాయ: తమిళంలో నండు.

ఇవిగాక ‘సంకరా’ అనే ఎర్రని చేప, ‘కడంబా’ అనే ఎముక లేని మెత్తని సముద్రజీవి కూడా వంటకాల పట్టికలో ఉంటాయి. కడంబాను ఉంగరాల వలె కోసి వేయిస్తారు. ఎక్కువసేపు వేయిస్తే రబ్బరు వలె సాగుతుంది.

పళ్లెం చూపినప్పుడు ధర అడగండి

చేపల మెస్సులలో వడ్డన పద్ధతి తెలిసి ఉండడం అవసరం. అరటి ఆకు పరచి అన్నం, కూర, చారు, మజ్జిగ వడ్డిస్తారు. మీన్ కుళంబు కూడా భోజనంలో భాగంగానే పోసే చోట్లున్నాయి. అయితే అది పులుసు మాత్రమే. అందులో ముక్క కావాలంటే వేరుగా ధర ఉంటుంది. అన్నం కలుపుకొనే సమయానికి పనివాడు వేయించిన చేపలున్న పెద్ద పళ్లెం తెచ్చి ముందుంచుతాడు. ఏది కావాలో వేలితో చూపితే చాలు, ఆకులో వేస్తాడు. ఆ పళ్లెంలో ధరల చీటీ ఉండదు. గోడమీది పట్టికలో కూడా చేప పేరు ఎదుట అంకెకు బదులుగా ‘సైజును బట్టి’ అనే అర్థం వచ్చే మాట ఉండవచ్చు. ఆనాటి మార్కెట్టు ధరను బట్టి, ముక్క పరిమాణాన్ని బట్టి వెల నిర్ణయించడం ఈ వ్యాపారంలో మామూలే.

ఐదుగురి కుటుంబం ఐదు వంజరం ముక్కలు తీసుకొంటే, భోజనాల మొత్తం కంటే ముక్కల మొత్తమే మించిపోవచ్చు. కనుక పళ్లెం ముందుకు రాగానే ముందు ధర అడగాలి. అలా అడగడం తమిళనాట చిన్నతనం కాదు. అక్కడివారూ అడిగే తింటారు. పనివారిని ‘అణ్ణా’ అనీ, స్త్రీలైతే ‘అక్కా’ అనీ పిలవవచ్చు. ఈ కింది మాటలు ఉపయోగపడతాయి.

‘ఇన్నిక్కి ఎన్న మీన్ ఇరుక్కు?’ – ఈరోజు ఏ చేపలున్నాయి?

‘ఒరు తుండు ఎవ్వళవు?’ – ఒక్క ముక్క ఎంత?

‘నడుత్తుండు కుడుంగ’ – నడిమి ముక్క ఇవ్వండి.

‘ముళ్ళు కమ్మియా ఇరుక్కిర మీన్ ఎదు?’ – ముళ్లు తక్కువున్న చేప ఏది?

‘కారం కమ్మియా వేణుం’ – కారం తక్కువగా కావాలి.

పీతలు, పెద్ద రొయ్యలు, నిలువునా వేయించిన చేపలను కొన్ని చోట్ల తూకం ప్రకారం అమ్ముతారు. అటువంటప్పుడు చెప్పిన ధర వంద గ్రాములకా, కిలోకా, మొత్తం చేపకా అని తేల్చుకోవాలి. వండకముందే చేపను చూపించి తూచమని కోరడం ఉత్తమం. పొదుపుగా తినదలచినవారు అందరికీ భోజనాలు చెప్పి, నెత్తిలి వేపుడు ఒక పళ్లెం, కానాంగెళుత్తి రెండు తీసుకొని పంచుకొంటే సరిపోతుంది.

ఏ కాలంలో చేప మంచిది

బంగాళాఖాత తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రెంటిలోనూ ఇవే తేదీలు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో సంతతి నశించకుండా చేసిన ఏర్పాటు ఇది. తమిళనాడులో పూర్వం 45 రోజులే ఉండేది. 2017 నుండి 61 రోజులకు పెరిగింది. యంత్రం లేని సంప్రదాయ తెప్పలకు ఈ నిషేధం వర్తించదు. ఆ తెప్పలపై తీరానికి దగ్గరగా దొరికే చిన్న చేపలు ఈ రెండు నెలలలోనూ వస్తుంటాయి.

మన పిల్లల వేసవి సెలవులు సరిగ్గా ఈ నిషేధ కాలంలోనే వస్తాయి. చెన్నై చూపించడానికి కుటుంబాలు ఎక్కువగా బయలుదేరేది కూడా అప్పుడే. ఆ రోజులలో హోటలులో కనిపించే పెద్ద వంజరం శీతల గిడ్డంగి నుండి గాని, పడమటి తీరం నుండి మంచుపెట్టెలలో గాని వచ్చి ఉండవచ్చు. సరిగా నిల్వచేసిన చేప హానికరం కాదు. కాని అప్పుడే పట్టిన చేప ధర దానికి ఇవ్వడం తగదు. జూన్ మొదటి పక్షంలో పడమటి తీరంలోనూ నిషేధం మొదలవుతుంది కనుక అప్పుడు సరుకు మరింత తగ్గి, ధరలు పెరుగుతాయి. వేసవిలో వెళ్లేవారు చెరువు చేపలను, తెప్పలపై వచ్చే చిన్న సముద్రపు చేపలను ఎంచుకోవడం మేలు.

నిషేధం తొలగిన తరువాత జూన్ నడుమ నుండి పడవలు మళ్లీ కదులుతాయి. సెప్టెంబరు నడుమ నుండి అక్టోబరు నడుమ వరకు తమిళులకు పురట్టాసి మాసం. తిరుమల వేంకటేశ్వరుని భక్తితో ఎందరో ఆ నెల మాంసాహారం మానుతారు. చేపల గిరాకీ తగ్గి ధరలు దిగుతాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన కాలం. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజులలో పడవలు సముద్రంలోకి వెళ్లవు. ఇక వారంలో ఆదివారం నాడు రద్దీ, ధర రెండూ ఎక్కువ.

హోటలుకు చేప ఎక్కడి నుండి వస్తుంది

ఉత్తర చెన్నైలో రాయపురం వద్దనున్న కాశిమేడు రేవు నగరానికి ప్రధానమైన చేపల రేవు. తెల్లవారకముందే వేలం సాగుతుంది. దక్షిణాన మెరీనా తీరం వెంబడి నొచ్చికుప్పం మొదలైన పల్లెలలో చిన్న పడవలపై తెచ్చిన చేపలను మత్స్యకార స్త్రీలు అమ్ముతారు. ఉత్తరాన పులికాట్ సరస్సు నుండి రొయ్యలు, పీతలు వస్తాయి. ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో పెద్దదైన ఈ ఉప్పునీటి సరస్సులో అధిక భాగం మన రాష్ట్రంలోనే ఉంది. రవ్వు, కట్ల వంటి చెరువు చేపలు ఆంధ్ర నుండే పెద్దయెత్తున చెన్నై మార్కెట్లకు వెళతాయి. అంటే హోటలులో మనం కొనే ముక్క కొన్నిసార్లు మన జిల్లా సరుకే.

ఆ ముక్క వెనుక ఉన్న బ్రతుకులను కూడా గుర్తించాలి. 2017 జనవరి 28న ఎన్నూరు సమీపాన రెండు ఓడలు ఢీకొని చమురు సముద్రంలో కలిసింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదలలో ఎన్నూరు కడలి పాయలోకి మళ్లీ చమురు చేరింది. ఆ రెండు సందర్భాలలోనూ జనం చేపలు కొనడానికి జంకారు. వలలు, పడవలు పాడైన మత్స్యకారులు ఆదాయం కూడా కోల్పోయారు. 2023 ఏప్రిల్‌లో మెరీనా లూప్ రోడ్డు పక్కనున్న చేపల దుకాణాల తొలగింపు వ్యవహారం హైకోర్టు వరకు వెళ్లింది, నొచ్చికుప్పం వాసులు ఆందోళన చేశారు. అనంతరం 2024 ఆగస్టులో అక్కడ 366 దుకాణాలతో చేపల మార్కెట్టు ప్రారంభమైంది. చిన్న చేపను ఆదరించే వినియోగదారుని వల్ల చిన్న పడవకు గిరాకీ నిలుస్తుంది.

తాజాదనం, ఆరోగ్యం

పచ్చి చేపను కన్ను, మొప్ప చూసి పరీక్షించవచ్చు. మసాలా పట్టించి వేయించిన ముక్కలో అవి కనిపించవు. అయినా కొన్ని గుర్తులున్నాయి. తాజా చేప కండ పొరలు పొరలుగా విడుతుంది. పాతబడినది పిండి వలె చితుకుతుంది, ఘాటైన దుర్వాసన వస్తుంది. కానాగంత, సూర వంటి చేపలను పట్టిన వెంటనే మంచులో ఉంచకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. వండినా అది నశించదు. తింటున్నప్పుడు నాలుక చురుక్కుమన్నా, ముఖం ఎర్రబడి దద్దురులు వచ్చినా వెంటనే తినడం ఆపి వైద్యుని సంప్రదించాలి. రొయ్యలు, పీతలు పడనివారు ఒకే నూనెలో అన్నీ వేయించే చోట చేపను కూడా మానుకోవాలి.

వేపుడు ఎర్రగా నిగనిగలాడితే కారం ఎక్కువగా వేశారని అనుకోనక్కరలేదు. రంగు కలిపి ఉండవచ్చు. చేపల వేపుడులో కృత్రిమ రంగులకు ఆహార భద్రతా నిబంధనలు అనుమతినివ్వవు. చేతికి, ఆకుకు ఎర్రని రంగు అంటుకొంటే ఆ హోటలును విడిచిపెట్టడమే మంచిది. నల్లబడి, నురుగు కట్టి, పొగలు కక్కే నూనెలో వేయించే చోటును కూడా మానాలి.

బాలింతలకు పాలు పడతాయని సొర పుట్టు పెట్టే ఆచారం తెలుగునాట, తమిళనాట కూడా ఉంది. అయితే పెద్ద సొరల వంటి వేటచేపల దేహంలో పాదరసం చేరుతుంది కాబట్టి గర్భిణులు, బాలింతలు వాటికి బదులు చిన్న చేపలు తినడం శ్రేయస్కరం. రక్తపోటు ఉన్నవారు కరువాడు కుళంబుకు దూరంగా ఉండాలి, దానిలో ఉప్పు అధికం. ఆసుపత్రి నుండి రోగితో వచ్చినవారు పథ్యం విషయమై వైద్యుని ముందుగానే అడిగి రావాలి. గొంతులో ముల్లు గుచ్చుకొంటే అన్నపు ముద్ద మింగించడం మన ఇళ్లలో పాత అలవాటు. దానివల్ల ముల్లు మరింత లోతుకు దిగవచ్చు. ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

రుచిలో తేడా

నెల్లూరు చేపల పులుసుకు అలవాటుపడిన నాలుకకు చెన్నై కుళంబు మొదట వేరుగా తోచవచ్చు. మన వైపు చింతపండు పులుసులో పచ్చి మామిడి ముక్కలు, మెంతిపొడి ప్రధానం. అక్కడ చిన్న ఉల్లిపాయలు, ధనియాల పొడి ఎక్కువ, కొందరు కొబ్బరి నూరి కలుపుతారు. కేరళ పద్ధతి హోటళ్లలో కొబ్బరి వాడకం మరింత కనిపిస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మనకూ వారికీ భేదం లేదు. ముందునాడు వండి ఉంచిన పులుసుకు మరునాడు రుచి పెరుగుతుందని ఇరువురూ నమ్ముతారు. హోటలువారు అటువంటి పులుసును ప్రత్యేకంగా చెప్పి అమ్మడం కూడా ఉంది. అది చలువపెట్టెలో ఉంచినదేనా అని అడగడం మంచిది.

బిల్లు వచ్చినప్పుడు

సాధారణ హోటళ్లలో జీఎస్టీ 5 శాతం. 2017 నవంబరు నుండి ఇదే అమలులో ఉంది. కాంపోజిషన్ పద్ధతిలో నమోదైన చిన్న హోటళ్లు ఖాతాదారుల నుండి పన్నును విడిగా వసూలు చేయరాదు. సేవా రుసుము తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు జారీ చేసింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. హోటలులో 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య కనిపించేలా ఉండాలి. అన్యాయం జరిగిందని తోస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 సంఖ్యపై ఫిర్యాదు చేయవచ్చు. అందుకు బిల్లు అవసరం. కనుక కాగితంపై అంకె మాత్రమే రాసి ఇస్తే, ముక్కల పేర్లు, ధరలు రాసి ఇమ్మని కోరాలి.

ప్రయాణానికి ముందు ఇంటిలో రెండు నిమిషాలు కేటాయించి, వెళ్లే నెల నిషేధ కాలమా కాదా చూసుకోవాలి. పైన ఇచ్చిన చేపల పేర్లను, తమిళ మాటలను ఒక కాగితంపై రాసుకొని సంచిలో ఉంచుకొంటే తమిళం రానివారికి కూడా ఇబ్బంది ఉండదు. రెండు భాషలు వచ్చినవారు పక్క బల్లపై తెలుగు కుటుంబం తడబడుతుంటే పళ్లెం మీది చేప పేరు, దాని ధర అడిగి చెప్పడం సాటి ఊరివారికి చేసే చిన్న ఉపకారం.